కొల్లేరు పిల్లల కప్ప ఈతే ఒలింపిక్స్‌లో బ్రెస్ట్‌స్ట్రోక్.. పతకం దాకా వెళ్లాలంటే ఏం కావాలి?

కైకలూరు చుట్టుపక్కల పిల్లలకు ఈత నేర్పడానికి ప్రత్యేకంగా మాస్టారు అక్కర్లేదు. వేసవి సెలవులు, ఒక అరటి బోదె, గట్టు మీద కాపలాగా బాబాయో మావయ్యో ఉంటే చాలు. కొన్నాళ్లకు బోదె వదిలేస్తారు. మొదట కప్ప ఈత, ఆ తర్వాత బార ఈత వచ్చేస్తాయి. ఒకవైపు కొల్లేరు, మరోవైపు కాలువలు, మధ్యలో చేపల చెరువులు. ఇక్కడ నీళ్లంటే భయం తక్కువే.

ఆ కప్ప ఈతకే పోటీల్లో పేరు బ్రెస్ట్‌స్ట్రోక్. ఒలింపిక్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్ల విభాగాల్లో పతకాలు ఇస్తారు. 2014 ఆసియా క్రీడల్లో ఇదే ఈతతో మన దేశానికి ఒక కాంస్యం వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నుంచి 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ కూడా కొత్తగా చేరుతోంది.

మరి చెరువులో చేపపిల్లలా ఈదే పిల్లాడు లేదా పిల్ల ఈ ఆటలో ఎంత దూరం వెళ్లగలరు? ఒక బ్రెస్ట్‌స్ట్రోక్ స్విమ్మర్ కెరీర్ అసలు ఎలా సాగుతుంది? ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది? పిల్లల్ని ఈ దారిలో పంపాలనుకునే తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

ఈతల్లో ఇదే నెమ్మది.. ఇదే కష్టం

పోటీల్లో ఈతలు నాలుగు. ఫ్రీస్టైల్, బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లై, బ్రెస్ట్‌స్ట్రోక్. వీటిలో అన్నిటికంటే నెమ్మదైంది బ్రెస్ట్‌స్ట్రోకే. పురుషుల 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో చైనా స్విమ్మర్ పాన్ ఝాన్‌లే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 46.40 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. అదే 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో బ్రిటన్‌కు చెందిన ఆడమ్ పీటీ 2019లో పెట్టిన రికార్డు 56.88 సెకన్లు. అంటే తేడా పది సెకన్లకు పైనే.

ఎందుకింత తేడా? గాలి కంటే నీరు దాదాపు 800 రెట్లు చిక్కన. ఫ్రీస్టైల్‌లో చేతులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి గాలిలోంచి ముందుకు వస్తాయి. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో అలా కుదరదు. చేతులు ముందుకు చాపడం, మోకాళ్లు మడవడం దాదాపు అంతా నీళ్లలోనే జరగాలి. మోకాళ్లు మడిచిన ప్రతిసారీ తొడలు నీటికి అడ్డం పడతాయి. శరీరానికి బ్రేకు వేసినట్టే అవుతుంది. మళ్లీ కాళ్లతో తన్నగానే వేగం వస్తుంది. ప్రతి స్ట్రోక్‌లోనూ ఆగడం, దూసుకెళ్లడం, మళ్లీ ఆగడం. ఇదే వరస.

అందుకే బ్రెస్ట్‌స్ట్రోక్‌లో గెలిచేది గట్టిగా తన్నేవాళ్లు మాత్రమే కాదు. తన్నిన తర్వాత శరీరాన్ని బాణంలా చాపి, నీటిలో జారిపోవడం తెలిసినవాళ్లు. ఇందులో ముందుకు నెట్టే బలంలో ఎక్కువ భాగం కాళ్లదే. మిగతా మూడు ఈతల్లో అలా ఉండదు. పాదాలను బయటివైపు బాగా తిప్పగలిగేవాళ్లకు, చీలమండలు, తుంటి కీళ్లు సులువుగా వంగేవాళ్లకు ఇది కలిసొస్తుంది. ఇది కొంత పుట్టుకతో వస్తుంది, కొంత చిన్న వయసులో సాధనతో వస్తుంది.

చెరువులో రైటే.. పూల్‌లో మాత్రం డిస్‌క్వాలిఫై

ఊళ్లో బాగా ఈదే పిల్లలు తొలి పోటీలోనే బయటికి వచ్చేసే ప్రమాదం ఇక్కడే ఉంది. వేగం సరిపోక కాదు, రూల్స్ వల్ల. బ్రెస్ట్‌స్ట్రోక్‌కు ఉన్నన్ని పట్టింపులు మరే ఈతకూ లేవని చెప్పొచ్చు.

రెండు కాళ్లూ ఒకేసారి, ఒకే తీరులో కదలాలి. తన్నేటప్పుడు రెండు పాదాలూ బయటికి తిరగాలి. ఒక కాలు కత్తెరలా తిరిగినా, ఒక పాదం లోపలికి ఉన్నా డిస్‌క్వాలిఫై చేస్తారు. సొంతంగా నేర్చుకున్న వాళ్లలో చాలామందికి కుడి కాలు ఒకలా, ఎడమ కాలు ఇంకోలా పడుతుంది. చెరువులో దాన్ని ఎవరూ గమనించరు. పూల్ పక్కన మాత్రం దాన్ని చూడటానికే జడ్జిలు నిలబడి ఉంటారు.

చేతులు కూడా రెండూ కలిసే కదలాలి. మోచేతులు నీటి లోపలే ఉండాలి. మలుపు తీసుకునే ముందు, రేసు ముగిసేటప్పుడు వేసే చివరి స్ట్రోక్‌కు మాత్రమే మినహాయింపు. ప్రతి స్ట్రోక్‌లో ఒకసారి తల నీటిపైకి రావాలి. గోడను రెండు చేతులతో ఒకేసారి ముట్టుకోవాలి. ఒక చెయ్యి ముందు తగిలి, రెండోది తర్వాత తగిలితే రేసు గెలిచినా లెక్కలోకి రాదు.

ఇక డైవ్ చేసిన తర్వాత, ప్రతి మలుపు తర్వాత నీటి అడుగున ఒకే ఒక్కసారి చేతుల్ని తొడల దాకా లాగొచ్చు. ఆ సమయంలో బటర్‌ఫ్లై తరహా కిక్ కూడా ఒక్కటే. రెండోది వేస్తే తప్పు. ఆ ఒక్క కిక్‌ను కూడా 2005 తర్వాతే అనుమతించారు. అంతకుముందు ఏడాది ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జపాన్ దిగ్గజం కోసుకే కితాజిమా 100 మీటర్ల స్వర్ణం గెలిచినప్పుడు, ఇలాంటి కిక్ వేశాడంటూ పెద్ద వివాదమే నడిచింది.

రూల్స్ ఇంత కఠినం ఎందుకయ్యాయి?

పోటీ ఈతల్లో పాతది ఇదే. 1875 ఆగస్టులో కెప్టెన్ మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ చానల్‌ను ఈది దాటింది ఈ బ్రెస్ట్‌స్ట్రోక్‌తోనే. అందుకు ఆయనకు 21 గంటల 45 నిమిషాలు పట్టింది. ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ 1908 నుంచే ఉంది.

అయితే ఈత నెమ్మది కావడంతో, వేగం కోసం స్విమ్మర్లు ఎప్పటికప్పుడు కొత్త దారులు వెతికారు. కొందరు చేతుల్ని నీటిపై నుంచి తిప్పడం మొదలుపెట్టారు. అది చివరికి బటర్‌ఫ్లై అనే వేరే ఈతగా విడిపోయింది. ఇంకొందరు నీటి అడుగునే ఎక్కువ దూరం ఈదారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జపాన్‌కు చెందిన మసారు ఫురుకావా ఇలా చాలా దూరం నీటి అడుగునే ఈది 200 మీటర్ల స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత దాన్నీ నిషేధించారు. ఇప్పుడున్న ప్రతి రూల్ వెనుకా ఇలాంటి ఒక కథ ఉంది.

మన దేశంలో ఒక కెరీర్: సందీప్ సెజ్వాల్

మన దేశంలో బ్రెస్ట్‌స్ట్రోక్ కెరీర్ ఎలా ఉంటుందో చెప్పడానికి సరైన ఉదాహరణ ఢిల్లీకి చెందిన సందీప్ సెజ్వాల్. 1989 జనవరిలో పుట్టాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ నాటికి వయసు 19. అక్కడ 100, 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ రెండింట్లోనూ ఈదాడు. రెండింట్లోనూ హీట్స్ దాటలేదు.

చాలామంది అక్కడితో ఆగిపోతారు. సెజ్వాల్ ఆగలేదు. ఆరేళ్ల తర్వాత, 25 ఏళ్ల వయసులో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడలకు వెళ్లాడు. 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌ను 28.26 సెకన్లలో ముగించి కాంస్యం గెలిచాడు. ఆసియా క్రీడల ఈతలో మనకు పతకాలు ఎంత అరుదో గుర్తుంచుకోవాలి. 1986లో ఖజాన్ సింగ్ బటర్‌ఫ్లైలో రజతం గెలిచాక మళ్లీ పతకం రావడానికి 24 ఏళ్లు పట్టింది. 2010లో వీర్‌ధవల్ ఖాడే 50 మీటర్ల బటర్‌ఫ్లైలో కాంస్యం తెచ్చాడు. ఆ తర్వాతది సెజ్వాల్ పతకమే.

కథ అక్కడితో అయిపోలేదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సెజ్వాల్ మళ్లీ 50 మీటర్ల ఫైనల్ చేరాడు. ఈసారి 27.98 సెకన్లలో ఈదాడు. అంటే పతకం వచ్చిన రోజు కంటే వేగంగా! కానీ వచ్చింది ఏడో స్థానం.

ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 28.26కు కాంస్యం. 27.98కు ఏడో స్థానం. నాలుగేళ్లలో మనిషి మెరుగయ్యాడు, కానీ ఆసియా అంతకంటే వేగంగా మెరుగైంది. ఈ ఆటలో నిన్నటి మీ కంటే మీరు బాగా ఈదితే సరిపోదు. పక్క లేన్‌లో ఉన్నవాళ్లు ఎంత మెరుగయ్యారన్నదే పతకాన్ని తేలుస్తుంది.

ఇంకో విషయం. సెజ్వాల్‌కు బాగా కలిసొచ్చిన 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ అప్పట్లో ఒలింపిక్స్‌లో లేనే లేదు. ఆసియా క్రీడలు, ప్రపంచ చాంపియన్‌షిప్‌ల వంటి పోటీలకే పరిమితం. ఇప్పుడు 2028లో అది ఒలింపిక్స్‌లో చేరుతోంది. 50 మీటర్ల బ్యాక్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలకూ చోటు దక్కింది. పొట్టి దూరంలో పేలుడు వేగం ఉన్న పిల్లలకు ఇది కొత్తగా తెరుచుకున్న తలుపు.

నీళ్లంటే భయపడిన పిల్లాడే ప్రపంచ చాంపియన్

ప్రపంచంలో ఈ ఈతకు ఈ తరంలో పెద్ద పేరు ఆడమ్ పీటీ. ఇంగ్లాండ్‌లోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చాడు. విచిత్రం ఏమిటంటే, చిన్నప్పుడు అతనికి నీళ్లంటే భయం. స్నానాల తొట్టిలోని గొట్టంలోంచి సొరచేపలు వస్తాయని అన్నలు బెదిరించారట. అలాంటి పిల్లాడు 2016 రియో ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 57.13 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచాడు. 2019లో 57 సెకన్ల గోడను బద్దలుకొట్టిన తొలి మనిషి అయ్యాడు. టోక్యోలో మళ్లీ స్వర్ణం గెలిచి, ఒలింపిక్ టైటిల్ నిలబెట్టుకున్న తొలి బ్రిటన్ స్విమ్మర్‌గా నిలిచాడు.

ఆ తర్వాత కిందికి జారాడు. 2022లో పాదం ఎముక విరిగింది. అదే ఏడాది కామన్వెల్త్ క్రీడల్లో 100 మీటర్లలో నాలుగో స్థానం. 2023లో మానసికంగా అలసిపోయానని చెప్పి కొంతకాలం పోటీలకు దూరమయ్యాడు. మళ్లీ నిలబడి 2024 పారిస్‌కు వచ్చాడు. 59.05 సెకన్లతో రజతాన్ని అమెరికాకు చెందిన నిక్ ఫింక్‌తో పంచుకున్నాడు. స్వర్ణం గెలిచిన ఇటలీ స్విమ్మర్ నికోలో మార్టినెంఘి సమయం 59.03. తేడా సెకనులో వందో వంతులు రెండు. ఆ వేగంలో దాన్ని దూరంగా లెక్కగడితే దాదాపు మూడున్నర సెంటీమీటర్లు. రెండు వేళ్ల వెడల్పు!

అమ్మాయిల విభాగంలో లిథువేనియాకు చెందిన రూటా మెయిలుటిటే 15 ఏళ్లకే 2012 లండన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. తర్వాత డోపింగ్ అధికారులకు తాను ఎక్కడుంటున్నదీ సరిగా చెప్పకపోవడం, పరీక్షలకు అందుబాటులో లేకపోవడం వల్ల రెండేళ్ల నిషేధం పడింది. తిరిగొచ్చి 2023లో 50 మీటర్లలో ప్రపంచ రికార్డు పెట్టింది. పెద్ద స్థాయికి చేరాక ఈతతో పాటు ఇలాంటి క్రమశిక్షణ కూడా కెరీర్‌లో భాగమే. జలుబుకు ఒక మాత్ర వేసుకోవాలన్నా ముందు డాక్టర్‌ను, కోచ్‌ను అడగాల్సిందే.

ఈ కెరీర్ రోజువారీగా ఎలా ఉంటుంది?

స్టార్ట్ గన్ మోగిన తర్వాత నిమిషంలోపు ముగిసే రేసు కోసం ఏళ్ల తరబడి శ్రమ ఉంటుంది. పెద్ద స్థాయిలో తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఒకసారి పూల్‌లో దిగాలి. మధ్యలో బడి లేదా కాలేజీ. నేల మీద వ్యాయామం వేరే. పండగలూ పెళ్లిళ్లూ చాలావరకు వదులుకోవాల్సిందే.

గాయాల్లో ఈ ఈతకు ప్రత్యేకంగా ఒకటుంది. మోకాలి లోపలివైపు నొప్పి. స్విమ్మింగ్ కోచ్‌లు దీన్ని బ్రెస్ట్‌స్ట్రోకర్స్ నీ అంటారు. పాదాన్ని బయటికి తిప్పి వేలసార్లు తన్నడమే కారణం. గజ్జల్లో కండరాలు పట్టేయడం కూడా మామూలే. పిల్లాడు మోకాలు నొప్పి అంటే "ఏం కాదులే" అని మళ్లీ నీళ్లలోకి దించకూడదు. కిక్ తీరు సరిచేయడం, విశ్రాంతి ఇవ్వడం అప్పుడే జరగాలి.

పోటీల మెట్లు ఇలా ఉంటాయి. జిల్లా, రాష్ట్ర స్థాయి. అక్కడి నుంచి వయసుల వారీగా జాతీయ సబ్ జూనియర్, జూనియర్ పోటీలు. తర్వాత సీనియర్ నేషనల్స్. బడి పిల్లలకు స్కూల్ గేమ్స్, ఖేలో ఇండియా వంటి వేదికలు కూడా ఉన్నాయి. సీనియర్ స్థాయికి వచ్చేసరికి రాష్ట్రాల జట్లతో పాటు రైల్వేస్, సర్వీసెస్, పోలీస్ జట్లు ఎదురవుతాయి. చాలామంది స్విమ్మర్లకు ఉద్యోగ భద్రత దొరికేది ఈ సంస్థల్లోనే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. అయితే ఏ స్థాయి పతకానికి ఏ ఉద్యోగం అన్నది నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. కాబట్టి ప్రతి పోటీ సర్టిఫికెట్‌నూ మొదటి రోజు నుంచే జాగ్రత్తగా దాచుకోవాలి.

కైకలూరు నుంచి అయితే ఏం చేయాలి?

ఇక అసలు ప్రశ్న. కొల్లేరు లంకల్లో పుట్టిన పిల్లలకు ఒక గొప్ప వరం ఉంది. నీటిలో ధైర్యం, ఊపిరి మీద పట్టు. పట్నం పిల్లలు మొదటి ఏడాదంతా నేర్చుకునేది వీళ్లకు ముందే వచ్చేసి ఉంటుంది. కానీ చెరువులో లేనివి మూడున్నాయి. కొలిచిన దూరం, తన్నడానికి గట్టి గోడ, తప్పు చూపించే కోచ్.

ఒలింపిక్ పూల్ పొడవు 50 మీటర్లు. 100 మీటర్ల రేసులో డైవ్, ఒక మలుపు, వాటి తర్వాత నీటి అడుగున లాగే ఒక్కో స్ట్రోక్ కలిసి ఎంతో సమయాన్ని తేలుస్తాయి. వీటిని చెరువు గట్టు మీద నుంచి దూకి నేర్చుకోలేం. ఎంత ఈదినా గడియారం లేకపోతే మెరుగయ్యామో లేదో కూడా తెలియదు.

తెలుగు రాష్ట్రాల్లో విజయవాడ గాంధీనగర్‌లోని సర్ విజ్జీ మున్సిపల్ స్విమ్మింగ్ పూల్, విశాఖ బీచ్ రోడ్డులోని ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్, 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ గచ్చిబౌలిలో కట్టిన ఆక్వాటిక్స్ కాంప్లెక్స్ బాగా తెలిసినవి. హైదరాబాద్ అమ్మాయి వృత్తి అగర్వాల్ ఫ్రీస్టైల్, బటర్‌ఫ్లైలలో జాతీయ స్థాయి పతకాలు గెలిచింది. అంటే తెలుగు నేల మీద నుంచి జాతీయ స్థాయికి దారి ఉంది. ఆ దారి పూల్ పక్క నుంచే మొదలవుతుంది.

కైకలూరు నుంచి గుడివాడ మీదుగా విజయవాడకు రైలు ఉంది. సెలవుల్లో శిక్షణకు అది సరిపోతుంది. కానీ రోజుకు రెండు పూటల సాధనకు రానూపోనూ ప్రయాణం కుదిరే పని కాదు. ఏదో ఒక దశలో పిల్లల్ని హాస్టల్‌లో పెట్టడమో, ఇంట్లో ఒకరు పట్నంలో కాపురం ఉండటమో తప్పదు. పట్టుబడి డబ్బులు వచ్చినప్పుడే చేతిలో నాలుగు రాళ్లు ఆడే ఇళ్లలో ఇది చిన్న నిర్ణయం కాదు. అందుకే మెట్టు మెట్టుగా వెళ్లడం మంచిది.

మొదటి మెట్టు: ఎనిమిది, పదేళ్ల వయసులో ఒక వేసవి శిబిరం. ఏ పూల్‌లోనైనా సరే, కోచ్ ఉండాలి. కిక్ చూసి పాదాలు రెండూ సమానంగా తిరుగుతున్నాయో లేదో చెప్పమని అడగండి. తప్పుడు కిక్ పదేళ్లకు సరిచేయడం సులువు, పదిహేనేళ్లకు కష్టం.

రెండో మెట్టు: ఒక జిల్లా పోటీ. పతకం కోసం కాదు. సమయం కాగితం మీద పడటం కోసం. ఆరు నెలల తర్వాత మళ్లీ ఒకటి. తేడా ఎంతో చూడండి.

మూడో మెట్టు: రాష్ట్ర స్థాయిలో అదే వయసు పిల్లల సమయాలతో పోల్చండి. పక్కింటివాళ్ల మెచ్చుకోలుతో కాదు, ఆ అంకెలతోనే హాస్టల్ నిర్ణయం తీసుకోండి. చదువు మాత్రం ఆపొద్దు.

ఒక ముఖ్యమైన జాగ్రత్త

"మావాడికి ఈత వచ్చుగా" అని చేపల చెరువుల్లో ప్రాక్టీసుకు వదలొద్దు. అడుగున ఊబి ఉంటుంది. గుర్రపుడెక్క కాళ్లకు చుట్టుకుంటుంది. ఏరియేటర్లు ఉన్న చెరువుల్లో కరెంటు ప్రమాదం వేరే. తూముల దగ్గర నీటి లాగుడు పెద్దవాళ్లనే ఆపుకోనివ్వదు. ప్రపంచవ్యాప్తంగా 2023లో దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వీరిలో పిల్లల సంఖ్య చాలా ఎక్కువ.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు కొల్లేరు లంక గ్రామాలను చుట్టుముట్టిన సంగతి తెలిసిందే. వరదలో ఈదడం ఎవరికీ క్షేమం కాదు. కానీ నీళ్లలో పడితే తల పైకి పెట్టి, ముందు ఏముందో చూస్తూ, ఊపిరి నిలుపుకుంటూ గట్టుకు చేరగలగడం ప్రాణం కాపాడే విద్య. దానికి అనువైన ఈతల్లో బ్రెస్ట్‌స్ట్రోక్ ముందుంటుంది.

ఈ ఈత నేర్చుకున్న వేల మందిలో ఆసియా క్రీడల దాకా వెళ్లేది ఏ ఒక్కరో. మిగతావాళ్లకు సర్టిఫికెట్, ఉద్యోగం, గట్టి గుండె, ఊపిరితిత్తులు మిగలొచ్చు. ఏదీ రాకపోయినా, నీళ్ల మధ్య బతికే ఊళ్లో సరిగ్గా ఈదడం మిగులుతుంది. ఈ వేసవిలో మీ పిల్లలు కప్ప ఈత కొడుతుంటే ఒక్కసారి వాళ్ల పాదాల వంక చూడండి. రెండూ ఒకేలా బయటికి తిరుగుతున్నాయా? అలా తిరుగుతుంటే ఒక కోచ్‌కు చూపించండి. తిరగకపోతే ఇంకా త్వరగా చూపించండి.